మూడు కంకుల అనుమానం

చీపుళ్ళు కట్టేవాళ్ళు ఈ లోకంలో లక్షమంది ఉండవచ్చు. కానీ మా అమ్మమ్మ కట్టిన చీపురుతో వాకిలి ఊడిస్తే దుమ్ము ఒక్కటే కాదు, వాకిట్లో పడిన నీడలు కూడా లేచి గోడ దూకి పారిపోతాయి. నమ్మకం లేనివాళ్ళు ఏ మిట్టమధ్యాహ్నమో మా వీధికి వచ్చి చూసుకోవచ్చు. వెతికినా ఒక్క నీడ దొరకదు.

అంతటి మనిషికి ఉన్న చిన్న లోపం, ఆవిడ ఎవరినీ నమ్మదు. గడియారంలో టైము చూశాక బయటికి వెళ్ళి ఎండ చూసి వస్తుంది. రెండూ కలిస్తే, రెండూ కూడబలుక్కున్నాయంటుంది. పొద్దున్నే టీ పెట్టి మొదటి గ్లాసు తాతయ్యకిచ్చి, ఆయన రెండు గుక్కలు తాగేదాకా ముఖంలోకి చూస్తుంది. ఆయనకేమీ కాకపోతే అప్పుడు తను తాగుతుంది. ఆ టీ పెట్టింది ఆవిడేనని తాతయ్య యాభై ఏళ్ళుగా గుర్తుచేస్తూనే ఉన్నాడు.

"పెట్టింది నేనే. చక్కెర డబ్బా మూత వదులుగా ఉంది, అది ఎవరు తీశారో మరి?" అంటుంది.

చీపురు జొన్న తినే జొన్నకు దూరపు చుట్టం. ఆకు, కాడ, ఎత్తు అన్నీ ఒకటే. తల బయటికి వచ్చేదాకా కన్నతల్లి కూడా పోల్చుకోలేదు. తినే జొన్నకు పిడికిలిలాంటి కంకి వస్తుంది. చీపురు జొన్నకు మూరెడు పొడుగు పుల్లలతో కుచ్చు వస్తుంది, మధ్యలో లావుపాటి కాడ ఉండదు, పుల్లల కొసల్లో మాత్రం కాసిని గింజలుంటాయి. ఆ గింజ పాలు పోసుకునే వేళ కోయాలి. ఒక్క వారం బద్ధకిస్తే పుల్ల ఎర్రబడి పెళుసెక్కుతుంది, దానితో ఊడిస్తే ఇల్లు శుభ్రపడటం అటుంచి చీపురే చెత్తవుతుంది. కోతకు ముందు కాడల్ని నడుమెత్తున వంచి కుచ్చులు కిందికి వేలాడేలా చేయాలి, లేకపోతే గింజ బరువుకు పుల్లలు వంకర పోతాయి. అమ్మమ్మ రెండు సాళ్ళ మధ్య వెనక్కి వెనక్కి నడుస్తూ, కుడిచేత్తో ఒక కాడ, ఎడమచేత్తో ఒక కాడ వంచుకుంటూ పోతుంది. ఆ పని చేసే వాళ్ళందరూ అలాగే నడుస్తారు. పది అడుగులకోసారి గిరుక్కున తిరిగి, వెనక ఎవరైనా పొంచి ఉన్నారేమోనని చూసేది మాత్రం ఆవిడొక్కతే.

ఆ విత్తనం వాళ్ళమ్మది. ఆ తల్లికి ఇద్దరు కూతుళ్ళు. పోయేముందు విత్తనాల డబ్బా పెద్దదానికీ, చీపురును కుట్టేటప్పుడు బిగించి పట్టే చెక్క చిన్నదానికీ ఇచ్చింది. పెద్దది మా అమ్మమ్మ. చిన్నది మా చిన్నమ్మమ్మ, వెనక వీధిలో ఉంటుంది. ఆవిడకు చేను లేదు, కుచ్చులు బజారులో కొనుక్కొచ్చి చీపుళ్ళు కడుతుంది. ఇద్దరికీ మాటల్లేవని చెప్పడానికి లేదు. మాటలున్నాయి, అవన్నీ దెప్పిపొడుపులే.

విత్తనం గురించి ఆ తల్లి ఒకే ఒక్క మాట చెప్పింది. విత్తనపు మొక్కలు చేనుకు నడిమధ్య సాళ్ళలోనే నిలబెట్టాలి అని. ఎందుకో చెప్పలేదు. అడిగినా చెప్పే మనిషి కాదు. అనుమానం మా ఇంట్లో అమ్మమ్మతో పుట్టలేదు, అదీ ఆ డబ్బాతో పాటే వచ్చింది.

అలా అమ్మమ్మ ప్రతి ఏడూ నడిమి సాళ్ళలో ముప్పై ఆరు మొక్కలు ఏరి, వంచకుండా, కోయకుండా, గింజ ముదిరేదాకా నిలబెట్టేది. మూడేళ్ళ కిందట ఒక పొద్దున చూసుకుంటే ముప్పై మూడే ఉన్నాయి.

పక్షులైతే గింజ తింటాయి, కాడ కోసుకుపోవు. అమ్మమ్మ ఆ మూడు మొండేల ముందు గొంతుక్కూర్చుని కళ్ళజోడు పెట్టుకుంది, తీసింది, మళ్ళీ పెట్టుకుంది. కోత నున్నగా, ఏటవాలుగా ఉంది. వాలు ఎడమనుంచి కుడికి దిగింది. ఇంట్లోంచి కొడవలి తెప్పించి, పక్కనున్న మామూలు మొక్కల్ని కుడిచేత్తో రెండు, ఎడమచేత్తో రెండు కోసి చూసుకుంది.

"ఎడమచేతి వాటం" అని తేల్చింది.

మా చుట్టుపక్కల ఎడమచేతి వాటం ఉన్నది ఇద్దరికి. ఒకరు చిన్నమ్మమ్మ. రెండోవారు మా తాతయ్య. పాపం, ఆ రోజు నుంచి ఆయన అన్నం కూడా కుడిచేత్తో తినడం నేర్చుకున్నాడు.

వీధి కుళాయి దగ్గర అమ్మమ్మ చెల్లెలికి వినపడేలా, ఎవరినీ చూడకుండా అంది, "కొంతమంది చేతులు ఊరికే ఉండవు. అందులోనూ ఎడమచేతులు."

చిన్నమ్మమ్మ బిందె కింద పెట్టకుండానే జవాబిచ్చింది. "కొంతమంది కళ్ళు ఊరికే ఉండవు. అందులోనూ చత్వారం కళ్ళు."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఉందని అమ్మమ్మ ఇంటికొచ్చి నిర్ధారించేసింది. కానీ రుజువు లేదు. రుజువు లేని కోపం పులిసిన పిండిలాంటిది, మూతపెట్టిన కొద్దీ పొంగుతుంది. మరుసటి ఏడు విత్తడానికి ముందు ఆవిడ ఒక ఉపాయం ఆలోచించింది. అంత గొప్ప ఉపాయం ఆవిడకు అంతకుముందెప్పుడూ తట్టలేదు. తట్టకుండా ఉంటే బాగుండేది.

మా చేను చివర తోకలా సన్నగా సాగి, ఇటుకల బట్టీ అవతల పాలాయన పొలానికి ఆనుకుంటుంది. పాలాయన తన గేదెలకు అక్కడ మేత జొన్న వేస్తాడు. చాలావరకు పచ్చిగానే కోసి మేపుతాడు, గట్టు వెంబడి పది సాళ్ళు మాత్రం విత్తనానికి వదులుతాడు. అమ్మమ్మ సరిగ్గా ఆ పది సాళ్ళను ఆనుకుని, మా తోకలో, ఎవరికీ చెప్పకుండా ఒక వరస చీపురు జొన్న విత్తింది. ఆకుల్లో ఆకు, కాడల్లో కాడ. దారిన పోయేవాడికి అంతా గేదెల మేతలాగే కనబడుతుంది. అసలు విత్తనం అక్కడ. నడిమి సాళ్ళలో ఎప్పటిలాగే ముప్పై ఆరు మొక్కలు నిలబెట్టింది, అవి దొంగకు ఎర. ఒక్కొక్క కంకికీ సన్నటి దారం చుట్టించింది, ఎవరైనా ముట్టుకుంటే తెగేలా. చుట్టింది నేనే. చుట్టాక నా వేళ్ళు కూడా ఒకసారి పరీక్షగా చూసింది.

ఆ ఏడు ఒక్క దారమూ తెగలేదు. దొంగ తెలివి మీరిపోయిందని అమ్మమ్మ అనుమానం ఇంకా ముదిరింది. గట్టు పక్కన దాచిన కంకుల్ని గోనెసంచిలో చుట్టుకుని తెచ్చి, గింజ దులిపి, కొత్త డబ్బాలో పోసి, దాన్ని బియ్యం పీపాలో పాతిపెట్టింది. ఇక మిగిలినవి ఎర కంకులు, పాత డబ్బా అడుగున వాళ్ళమ్మనాటి నుంచి వస్తున్న నాలుగు దోసిళ్ళ గింజలు. రెండూ తెచ్చి కోళ్ళ ముందు పోసింది.

తాతయ్య ఉండబట్టలేక అడిగాడు. "అదేంటే, బంగారంలాంటి గింజ కోళ్ళకెందుకు?"

"రెండు చోట్ల ఉంటే రెండు కాపలాలు. ఒక్క చోట ఉంటే ఒక్కటే కాపలా."

"పోనీ, అసలు విత్తనం ఎక్కడ పెట్టావు?"

అమ్మమ్మ చేట పట్టుకునే నిలబడిపోయింది. "మీకెందుకండీ అంత కంగారు?"

తాతయ్య కుడిచేత్తో తల గోక్కుంటూ వెళ్ళిపోయాడు. మా కోళ్ళు మాత్రం ఆ చలికాలమంతా రాజుగారి కోళ్ళలా బతికాయి.

పోయినేడు బియ్యం పీపాలోంచి తీసిన గింజతో చేనంతా విత్తింది. మొలక బాగుంది, ఏపుగా ఎదిగింది, మనిషెత్తు దాటి పోయింది. తలలు బయటికి వచ్చే రోజుల్లో అమ్మమ్మ ఒక కుచ్చును చుట్టుకున్న ఆకు పొత్తిలోంచి విప్పి చూసి, దాన్ని గబుక్కున మళ్ళీ మూసింది, ఏదో చూడకూడనిది చూసినట్టు. తర్వాత ఇంకోటి విప్పింది. అది బాగానే ఉంది. మూడోది బాగానే ఉంది. నాలుగోదాని మధ్యలో పెన్సిలంత లావు కాడ, దాని చుట్టూ జానెడు కూడా లేని పుల్లలు, పుల్లల నిండా గింజలు. అలా ప్రతి సాలులోనూ నాలుగింటికో ఐదింటికో ఒకటి. దానితో చీపురు కట్టడమంటే కోడికాలుతో ఇల్లు ఊడవడమే.

చెడినవి ఏరి పారేస్తే ఏడాది గడుస్తుంది, అదొక కష్టం కాదు. భయం మరోచోట ఉంది. మళ్ళీ ఏడు విత్తనానికి ఏ కంకిని నమ్మాలి? బాగున్నట్టు కనబడేది నిజంగా బాగున్నదేనా, లోపల ఏం దాచుకుందో? మనుషుల్నే నమ్మని మనిషి ఇప్పుడు జొన్నకంకుల ముందు నిలబడి, ఒక్కొక్కదాన్నీ దొంగను చూసినట్టు చూస్తోంది. డెబ్బై ఏళ్ళుగా, వాళ్ళమ్మ చేతుల్లోంచి ఆవిడ చేతుల్లోకి వచ్చిన విత్తనం ఆవిడ చేతుల్లోనే పోతోంది.

విచారణ మొదలైంది. మొదట తాతయ్య.

"డబ్బా మార్చారా?"

"నీ బియ్యం పీపాలో చెయ్యి పెడితే నువ్వు నన్ను బతకనిస్తావా?"

"అంటే పీపాలో ఉందని మీకు తెలుసన్నమాట!"

ఇక మిగిలింది చెల్లెలు. కంకులు ఎత్తుకెళ్ళింది చాలక, పిచ్చి గింజ తెచ్చి కలిపిపోయిందని అమ్మమ్మ నిశ్చయించుకుంది. ఎలా కలిపిందో, పీపా ఎలా తెరిచిందో అన్నింటికీ ఆవిడ దగ్గర సమాధానాలున్నాయి. కిటికీ రెక్క ఒకటి సరిగా పడదు కదా, అదీ సమాధానం.

రేకుల షెడ్డులో నీళ్ళ తొట్టిలోంచి కుచ్చులు తీసి, నీరు పిండి, కర్రకు పురికొస బిగిస్తూ ఈ లెక్కలు వేసుకుంటుండగా పాలాయన వచ్చాడు. ఎప్పుడూ నవ్వుతూ వచ్చే మనిషి, ఆ రోజు నవ్వలేదు. చేతిలో ఒక జొన్నకంకి ఉంది.

"పెద్దమ్మా, ఇదేంటి?" అన్నాడు.

"నాకేం తెలుసు? నీ చేతిలో ఉన్నది నన్నడుగుతావేం?"

"నా మేత చేనులోది. చూడండి దీని అవతారం! జుట్టు విరబోసుకున్న దయ్యంలా ఉంది. గేదె నోట్లో పెట్టుకుని ఉమ్మేస్తోంది. పోయినేడు నేను దాచుకున్న విత్తనం నుంచే వచ్చింది. ఎవరో నా విత్తనం చెడగొట్టారు."

దొంగల సంగతి వస్తే అమ్మమ్మకు ప్రాణం లేచి వస్తుంది. పురికొస వదిలేసి ముందుకు జరిగింది. "నీదీ చెడగొట్టారా? నాకు తెలుసు. ఎవరో చెప్పనా?"

"నేను చెప్తాను వినండి. గాలి. రెండు జొన్నలు పక్కపక్కన పూతకొస్తే గాలికి పుప్పొడి అటుదిటు, ఇటుదటు పోతుంది. మా నాన్న చెప్పేవాడు. అందుకే చీపురు జొన్నకు దూరంగా వేసుకుంటాను నేను. మీ చేను బట్టీకి ఇవతల కదా, ఇంత దూరం రాదే అని నిన్నంతా ఆలోచించాను." పాలాయన గొంతు తగ్గించాడు. "పెద్దమ్మా, నిజం చెప్పండి. పోయినేడు గట్టు పక్కన మీ తోకలో ఏం వేశారు?"

దొంగకు తేలు కుట్టినట్టు అనే మాట నేను చాలాసార్లు విన్నాను గానీ, కళ్ళారా చూసింది అప్పుడే. అమ్మమ్మ చేతిలో కుచ్చు నుంచి నీళ్ళు ఒడిలోకి కారుతున్నా చూసుకోలేదు. షెడ్డు మూల నుంచి తాతయ్య ఒక దగ్గు దగ్గాడు. ఆ దగ్గులో యాభై ఏళ్ళ టీ గ్లాసులన్నీ ఉన్నాయి.

"గేదెల మేతకే వేశాను" అంది చివరికి.

"మీకు గేదె లేదు కదా పెద్దమ్మా."

పాలాయన మంచివాడు, అంతకన్నా లాగలేదు. కంకి అక్కడే వదిలేసి వెళ్ళాడు. అమ్మమ్మ దాన్ని చాలాసేపు తిప్పి తిప్పి చూసింది. నడిమధ్య సాళ్ళే అని వాళ్ళమ్మ ఎందుకందో అరవై ఎనిమిదో ఏట అర్థమైంది. విత్తనాన్ని దొంగ నుంచి కాపాడబోయి, గాలి చేతికి తనే అప్పగించింది. పైగా మంచిది మిగలకుండా కోళ్ళకు వేసింది. కంచే చేను మేసినట్టయింది. కంచె కూడా తనే కావడంతో తిట్టడానికి మనిషి దొరకలేదు.

ఇక ఎక్కడా మంచి గింజ లేదు. ఉంటే గింటే ఒకే ఒక్క చోట ఉండాలి. అప్పట్లో ఎవరో కోసుకుపోయిన మూడు కంకులు. అవి ఆ దొంగ విత్తుకుని ఉండాలి. ఆ దొంగ చెల్లెలే అయి ఉండాలి. ఇంతకాలం చెల్లెల్ని ఒళ్ళంతా కళ్ళు చేసుకుని అనుమానించిన మనిషి, ఆ పూట ఆ అనుమానం నిజం కావాలని గట్టిగా కోరుకుంది.

మర్నాడు పొద్దున సంచి నా చేతికిచ్చి వెనక వీధికి బయలుదేరింది.

చిన్నమ్మమ్మ ఇల్లు వీధి మొదట్లోనే. ముందుగదే పని గది. గోడకు మేకులు కొట్టి చీపుళ్ళు తలకిందులుగా వేలాడదీసి ఉన్నాయి. కిటికీ కింద వాళ్ళమ్మ ఇచ్చిన బిగింపు చెక్క, దాని మధ్య నలిగిన చీపురు, చిన్నమ్మమ్మ ఎడమచేతిలో దబ్బనం. అక్కను చూసి దబ్బనం ఆపలేదు.

"దారి తప్పావా?"

"నీతో మాట్లాడాలి."

"కుళాయి దగ్గర మాట్లాడుతూనే ఉన్నావుగా, రెండేళ్ళుగా."

అమ్మమ్మ కళ్ళు అప్పటికే గోడ మీద ఉన్నాయి. అన్నీ బజారు కుచ్చులే, పొట్టివి, రంగు వెలిసినవి. కానీ చివర మేకుకు ఒకే ఒక్క చీపురు వేరుగా ఉంది. మూరెడు పొడుగు, లేత ఆకుపచ్చ, పుల్ల పుల్లకూ వంకర లేదు.

"ఆ రోజు ఆ మూడు కంకులూ నువ్వే కోశావు కదే?"

దబ్బనం ఆగింది. "మళ్ళీ మొదలుపెట్టావా? నేను దొంగనా?"

"దొంగవేనని చెప్పవే."

"చెప్పను."

"చెప్పవే, నీకు పుణ్యముంటుంది."

చిన్నమ్మమ్మ కుట్టు వదిలేసి అక్కవైపు అనుమానంగా చూసింది. ఆ చూపు చూస్తే ఇద్దరూ ఒక తల్లి బిడ్డలని రాసివ్వొచ్చు. "ఏంటిది? ఇప్పుడు నేను అవునంటే వీధంతా పిలుస్తావా? గోడవతల ఎవర్నైనా నిలబెట్టి వచ్చావా? ఏమే," నావైపు తిరిగింది, "ఆ సంచిలో ఏముంది?"

"ఖాళీ, చిన్నమ్మమ్మా."

"ఖాళీ సంచితో ఈవిడ ఎక్కడికీ రాదు."

అమ్మమ్మ పీట లాక్కుని కూర్చుంది. ఎవరి ముందైనా చెప్పగలదు గానీ ఈ ఒక్క మనిషి ముందు చెప్పడం ఆవిడకు పళ్ళు పీకించుకోవడంతో సమానం. నేల వైపు చూస్తూ చెప్పింది. గట్టు పక్కన దాచడం, ఎర, దారాలు, కోళ్ళు, పాలాయన కంకి. ఒక్కటీ దాచలేదు. "అమ్మ విత్తనం పోయిందే. నేనే పోగొట్టాను. నీ దగ్గర లేకపోతే ఇంకెక్కడా లేదు."

చిన్నమ్మమ్మ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. చేతిలో దబ్బనాన్ని చెక్కకు గుచ్చి, లేచి, వెనక తలుపు గడియ తీసింది.

వెనక పెరడు కాదు, ఇంటి గోడకూ పక్క గోదాము గోడకూ మధ్య సందు. మూడు వైపులా రెండు నిలువుల ఎత్తు ఇటుక గోడలు. పైన చాపంత ఆకాశం. ఆ సందులో రెండు వరసల చీపురు జొన్న, అటూ ఇటూ కలిపి పాతిక మొక్కలుండవు. కుచ్చులు జలపాతంలా దిగి ఉన్నాయి. గాలి రావడానికి కూడా అక్కడ దారి లేదు.

అమ్మమ్మ ఒక కుచ్చు పట్టుకుని వేళ్ళతో దువ్వింది. మధ్యలో కాడ కోసం తడిమింది. లేదు. ఇంకోటి తడిమింది. మరోటి. చిన్నమ్మమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"అన్నీ చూడు. లేకపోతే నీకు నిద్ర పట్టదు."

"ఎందుకు చేశావే ఈ పని?"

"అమ్మ నీకు విత్తనమిచ్చింది, నాకు చెక్క ఇచ్చింది. చెక్క మొలవదు కదక్కా."

అమ్మమ్మ కుచ్చును వదల్లేదు. "అడగొచ్చు కదా."

"అడిగితే ఇచ్చేదానివా?"

అబద్ధం చెప్పే అలవాటు అమ్మమ్మకు లేదు. కాసేపు ఆలోచించి చూసింది కూడా. "ఇచ్చేదాన్ని కాదు" అంది.

"అందుకే అడగలేదు."

చిన్నమ్మమ్మ కొడవలి తెచ్చి, బాగా ముదిరిన కంకులు ఏరి ఏరి కోసింది, ఎడమచేత్తో. అమ్మమ్మ ఆ కోత వాలును వంగి చూసి, అవునన్నట్టు తలూపుకుంది. రెండేళ్ళ కేసు అక్కడితో కొట్టేసింది. సంచిలో పెట్టేటప్పుడు చిన్నమ్మమ్మ ఒకటి లెక్క తప్పినట్టు వెనక్కి తీసుకోబోతే, అమ్మమ్మ సంచి మూతి బిగించింది. ఆ మాత్రం లాగుడు లేకపోతే వాళ్ళు అక్కచెల్లెళ్ళే కారు.

"ఒక షరతు" అంది చిన్నమ్మమ్మ. "కోతకు నన్ను పిలవాలి. సగం కుచ్చులు నావి. ఇక నా చెక్క మీద ఆ బజారు పుల్లలు పెట్టను."

"సగమా!"

"సంచి ఇలా ఇచ్చెయ్."

"సగమే" అంది అమ్మమ్మ గబగబా.

ఈ ఏడు ఆ గింజే చేనంతా మొలిచింది. పాలాయన గట్టు పక్కన మా తోకలో అమ్మమ్మ ఏమీ విత్తలేదు, ఆయన రోజూ వచ్చి చూసి పోతున్నాడు, ఆయనకూ అంటుకుంది ఈ జబ్బు. కోతకు చిన్నమ్మమ్మ వచ్చింది. ఇద్దరూ రెండు సాళ్ళ మధ్య చెరో చివర నుంచి మొదలుపెట్టి, ఒకరివైపు ఒకరు వీపు తిప్పి, వెనక్కి నడుస్తూ కాడలు వంచారు. చేను మధ్యలో ఢీకొని ఒకరినొకరు తిట్టుకున్నారు. ఒక్క కుచ్చులోనూ లావు కాడ రాలేదు. నడిమధ్య సాళ్ళలో ముప్పై ఆరు మొక్కలు ముదిరేదాకా నిలబడ్డాయి, ఒక్కటీ తగ్గలేదు. తాతయ్య మళ్ళీ ఎడమచేత్తో తింటున్నాడు.

గింజ దులిపి ఎండబెట్టి ఎత్తేసింది కూడా. ఎక్కడ పెట్టిందో ఇంట్లో ఎవరికీ తెలియదు. బియ్యం పీపాలో లేదు, నేను చూశాను. నిన్న ఇదంతా రాసి షెడ్డులో ఆవిడకు చదివి వినిపించాను. పురికొస బిగిస్తూ, మధ్యమధ్య నా ముఖంలోకి చూస్తూ మొత్తం విన్నది. మెచ్చుకుంటుందేమోనన్న ఆశతో అడిగాను.

"ఇంతకీ అమ్మమ్మా, ఈసారి విత్తనం ఎక్కడ దాచావు?"

"నీకు చెప్తే నువ్వు రాస్తావు. పోయి ఆ కుచ్చులు తడుపు."